నోరు కట్టుకున్న రాజుగారు

పదో శతాబ్దంలో స్పెయిన్ ఉత్తరాన లియోన్ అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలిన సాంచో అనే రాజుగారిని చరిత్ర ‘లావు సాంచో’ అనే పేరుతోనే గుర్తుపెట్టుకుంది. పాపం, ఆయన మిగతా ఘనకార్యాలు ఎవరికీ పట్టలేదు. 956లో గద్దె ఎక్కాడు గానీ గుర్రం ఎక్కలేకపోయాడు. నాలుగడుగులు వెయ్యాలన్నా పక్కన ఎవరో ఒకరు ఆసరా ఉండాలి. గుర్రమెక్కలేని రాజు మాకెందుకని సామంతులంతా కలిసి 958లో ఆయన్ని దింపేశారు.

అప్పుడు రంగంలోకి దిగింది అమ్మమ్మ. పేరు టోడా. పక్కనున్న పాంప్లోనా రాజ్యానికి పెద్ద రాణి. వయసు ఎనభై దాటింది. కార్డోబాలో ఉన్న ఖలీఫా మూడో అబ్దుర్ రహమాన్ ఆవిడకు బద్ధశత్రువు, వరసకు మేనల్లుడు కూడా. చుట్టరికాలకు మతాలూ సరిహద్దులూ అడ్డం రాని రోజులు అవి. మనవడి కోసం ఆవిడ శత్రువు గడప తొక్కింది. ఖలీఫా కొలువులో హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ అనే యూదు వైద్యుడు ఉండేవాడు. సాంచోను ఆయన చేతుల్లో పెట్టింది. రాజుగారి పెదవులు కుట్టేసి, సందులోంచి గొట్టం పెట్టి నెలల తరబడి కషాయాలు పట్టించారని ఒక కథ చెప్పుకుంటారు. ఆ కుట్ల ముచ్చట తరవాత వాళ్లు అల్లిందే అయి ఉండొచ్చు. సాంచో సన్నబడ్డాడన్నది మాత్రం నిజం. ఖలీఫా సైన్యం సాయంతో 960 నాటికి మళ్లీ సింహాసనం ఎక్కాడు. అందుకు ప్రతిఫలంగా పది కోటలు రాసిస్తానని మాటిచ్చాడు. వైద్యం ఖర్చు ఆ కాలంలోనూ తక్కువేం కాదన్నమాట!

బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. అందులోనూ కథలు రాసుకునేదాన్ని. అందుకని నాకు కోటల లెక్క కన్నా ఇంకో సంగతి మీదికి మనసు పోతుంది. ఆ కార్డోబా మేడలో, ఆకలితో నిద్రపట్టని రాత్రుల్లో ఆ మనిషి ఎలా ఉన్నాడు? “అమ్మమ్మా, ఇదంతా నాకెందుకు, ఇంటికి పోదాం” అని ఏడ్చాడా? ఒక్క ముక్క ఎక్కడా లేదు. లావుగా వెళ్లాడు, సన్నగా వచ్చాడు, అంతే చరిత్ర.

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు లెండి. మూడేళ్ల కిందట నేనూ హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషను చేయించుకున్నాను. ‘స్లీవ్’ అంటారు. జీర్ణాశయంలో ముప్పాతిక వంతు పైగా కోసి తీసేసి, అరటికాయంత గొట్టాన్ని మిగులుస్తారు. కొవ్వు పీల్చేసే లైపోసక్షను వేరు, ఇది వేరు. ఆ రెంటినీ కలిపేసి నన్ను భయపెట్టినవాళ్లు ఎందరో! షుగరు, మోకాళ్లు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం, అన్నీ చూసే డాక్టరు చెప్పారు, నేను ఒప్పుకున్నాను. ఆపరేషను బాగానే జరిగింది. పదో రోజున మాత్రం, మూడు చెంచాల పెసరకట్టు ముందు పెట్టుకుని, అది కూడా లోపలికి పోక, “భగవంతుడా, నేనెందుకు చేయించుకున్నాను?” అని వెక్కి వెక్కి ఏడ్చాను. చూడడానికొచ్చిన బంధువులావిడ ఒకరు వంటింట్లో నెమ్మదిగా అంటోంది, “నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంది.” నాకు వినపడేంత నెమ్మదిగానే అంది!

ఆ మాట పట్టుకునే నేను ఈ చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను. మంచంమీద ఉన్నప్పుడు ఇంకేం పని గనక?

పొట్టలో కొంత కోసేసినా మనిషి బతుకుతుందని లోకానికి తెలిసింది 1881లో. వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జను నలభై మూడేళ్ల ఒక స్త్రీకి క్యాన్సరు పట్టిన భాగాన్ని తీసేసి మిగిలిన పొట్టను పేగుకు కలిపి కుట్టాడు. ఆవిడ నాలుగు నెలలు బతికింది. ఆ నాలుగు నెలల ధైర్యంతోనే తరవాతి సర్జన్లు కడుపులో పుండుకు కూడా ఇలాంటి ఆపరేషన్లు మొదలుపెట్టారు. పుండు నయమయ్యేది. కొందరికి కొత్త బాధ ఒకటి పట్టుకునేది. అన్నం తిన్న అరగంటలో ఒళ్లంతా చెమటలు, గుండె దడ, కళ్లు తిరగడం, కాసేపు నడుం వాలిస్తే తప్ప తేరుకోకపోవడం. దీనికి 1922లో షికాగో డాక్టరు మిక్స్ ‘డంపింగ్’ అని పేరు పెట్టాడు. లారీ ఇసుక దిమ్మరించినట్టు, తిన్నదంతా పేగులోకి ఒక్కసారే పడిపోవడమన్నమాట. మామూలుగా జీర్ణాశయం చివర ఒక ద్వారపాలకుడు ఉంటాడు, కొంచెం కొంచెంగా వదులుతాడు. వాడు లేకపోయినా, వాడిని తప్పించి దారి వేసినా, తీపి పదార్థం నేరుగా పేగులోకి పోయి ఒంట్లో నీళ్లన్నీ అక్కడికి లాగేస్తుంది. అదీ ఆ దడకు కారణం.

మా పెదనాన్నగారికి కడుపులో పుండు ఆపరేషను అయింది. మన దక్షిణాదిలో ఆ పుండు చాలా ఎక్కువ, ఆ తరంలో ఆ ఆపరేషను కాని కుటుంబం అరుదేమో! పెళ్లి భోజనంలో బూరె తిన్నాక ఆయన చెప్పకుండా లేచి వెళ్లి వసారాలో పడుకునేవారు. “ఆయనకి తిన్నది ఒంటికి పట్టదు” అనేవాళ్లే గానీ దానికో పేరుందని ఎవరికీ తెలియదు. పేరు లేని బాధను జనం స్వభావం కింద జమకట్టేస్తారు. ఆయన్ని విసుగుమనిషి అన్నారు.

ఇక అసలు కథ అమెరికాలో నడిచింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1954లో క్రెమెన్, లిన్నర్ అనే సర్జన్లు చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించేస్తే బరువు తగ్గుతుందని కుక్కల మీద ప్రయోగాలతో చూపించారు. 1956లో లాస్ ఏంజెలెస్‌లో పేన్ అనే సర్జను మనుషులకు మొదలుపెట్టాడు. మొదటి పదిమందీ ఆడవాళ్లే. వాళ్ల చిన్నపేగు పైకొసను తెచ్చి సరాసరి పెద్దపేగుకు కలిపేశాడు. బరువు ఇట్టే దిగిపోయింది. బరువుతోపాటు ఒంట్లో సారమంతా నీళ్ల విరేచనాల్లో దిగిపోయింది. తట్టుకోలేక పేగును మళ్లీ యథాస్థానంలో కలిపితే పోయిన బరువంతా తిరిగొచ్చింది.

తరవాత ఇదే పద్ధతిని కాస్త మెత్తబరిచారు. ఇరవై అడుగుల దాకా ఉండే చిన్నపేగులో మొదట పద్నాలుగు అంగుళాలు, చివర నాలుగు అంగుళాలు వాడుకలో ఉంచి మిగతాదంతా పక్కన పెట్టేశారు. 1960లలో, 70లలో వేలమంది ఇది చేయించుకున్నారు. వాళ్లకు మూత్రపిండాల్లో రాళ్లు వచ్చాయి. కీళ్లు వాచాయి. కొందరికి లివరు చెడిపోయి ప్రాణాల మీదికి వచ్చింది. 1980ల మొదట్లో ఈ పద్ధతిని దాదాపు మానేశారు. మానడానికి కారణం ఏ మహామేధావికో హఠాత్తుగా జ్ఞానోదయం కావడం కాదు. చేయించుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కి “నాకిలా ఉందండీ” అని చెప్పుకోవడం వల్ల. మొదట్లో వాళ్ల మాటలు నివేదికల అడుగున చిన్న అక్షరాల్లో ఉండేవి. బరువు లెక్కలు మాత్రం పైన పెద్ద పట్టికల్లో ఉండేవి. చివరికి చిన్న అక్షరాలే గెలిచాయి.

ఈలోగా అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను ఉండేవాడు. పుండు కోసం పొట్టలో కొంత తీయించుకున్న ఆడవాళ్లు ఎంత తిన్నా ఒళ్లు చెయ్యడం లేదని ఆయన గమనించాడు. మా పెదనాన్నగారి ‘ఒంటికి పట్టకపోవడమే’ అక్కడ వైద్యమైపోయింది చూడండి! 1966లో జీర్ణాశయం పైభాగాన్ని మాత్రం చిన్న సంచీలా వేరు చేసి పేగుకు కలిపాడు. ఈనాటి గ్యాస్ట్రిక్ బైపాసుకు అది మూలపురుషుడు. అయితే మేసన్ తన పద్ధతితో తనే తృప్తి పడలేదు. పేగు జోలికి పోకుండా 1980లో పొట్ట మీద కుట్లు వేసి, సంచీ మూతికి పట్టీ బిగించే ఇంకో పద్ధతి తెచ్చాడు. దానితో ముద్ద అడ్డుపడి వాంతులయ్యేవి. గట్టి తిండి దిగక పాపం ఆ రోగులు ఐస్‌క్రీముకూ చాక్లెట్టుకూ అలవాటు పడ్డారు. అవి జారిపోతాయి కదా! బరువు మళ్లీ పైకి. దాని వెనక బిగువు సర్దుకునే సిలికాన్ పట్టీ వచ్చింది, ఓ పదిహేనేళ్లు రాజ్యమేలింది, అదీ వెనకబడింది. నాకు చేసిన స్లీవ్ సంగతి ఇంకా విచిత్రం. మరీ బరువైన మనుషులకు పెద్ద ఆపరేషను ఒక్కసారే చేస్తే ప్రమాదమని 2000 ప్రాంతంలో మొదటి సగం చేసి, రెండోసగం తరవాత చేద్దామని ఆపారు. చాలామందికి ఆ సగమే చాలిపోయింది. ఇవాళ ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా చేసేది ఆ సగాన్నే.

సగం అన్నాను గాని, దానికి తగ్గ బాధలు దానికీ ఉన్నాయి. ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు. నాకూ వచ్చాయి. రాత్రి తలగడ ఎత్తు పెంచుకుని పడుకుంటున్నాను. నీళ్లు అన్నంతో కలిపి తాగకూడదు, ముందో వెనకో తాగాలి. చారు అన్నం మీద పెరిగిన మనిషికి ఇదెంత శిక్షో మీకు చెప్పక్కర్లేదు. మూడో నెలలో జుట్టు ఊడింది. దువ్వెన నిండా, స్నానాలగది జాలీ నిండా జుట్టే. ఆకలికో, ఆపరేషనుకో ఒళ్లు దడుచుకుని ఎదగాల్సిన వెంట్రుకల్ని నిద్రపుచ్చేస్తుందట. మాంసకృత్తులూ ఇనుమూ సరిగ్గా అందితే చాలామందికి కొన్నాళ్లకు మళ్లీ మొలుస్తాయని మా డాక్టరమ్మ చెప్పింది. మొలిచాయి కూడా. మొలిచేదాకా అద్దం వైపు చూడబుద్ధి అయ్యేది కాదు.

అన్నిటికన్నా కష్టం విస్తరి దగ్గర. వడ్డించేవాళ్లు “అదేం తిండమ్మా, పిచ్చుక తిన్నట్టు! ఇంకొక్క ముద్ద, నా మాట విను” అంటారు. నిరుడు “అంత తినబట్టే ఆ ఒళ్లు” అన్నది కూడా వాళ్లే. మన ఇళ్లలో ప్రేమంటే మారు వడ్డన. దాన్ని కాదంటే మనిషినే కాదన్నట్టు. సంతోషానికీ దుఃఖానికీ తోడుగా ఉన్న తిండి పక్కకు తప్పుకున్నాక, సాయంత్రం నాలుగింటికి ఏం చెయ్యాలో తెలియక నేను వంటింట్లో ఊరికే నిలబడిన రోజులున్నాయి. ఇలాంటి దిగులు ఉంటుందని ఆపరేషనుకు ముందు ఇచ్చిన కాయితాల్లో ఒక్క వాక్యం ఉంది. చదివాను. చదవడం వేరు, నిలబడడం వేరు.

ఇంతకీ ఆ వంటింటి మాట ఉంది కదా, నోరు కట్టుకోవడం. దానికి జవాబు కూడా మిన్నెసోటాలోనే దొరికింది నాకు. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45లో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడ 36 మంది కుర్రాళ్లను ఆర్నెల్లు అర్ధాకలితో ఉంచి పరిశీలించాడు. యుద్ధంలో తుపాకి పట్టమన్నవాళ్లు, సేవగా దీనికి ఒప్పుకున్నవాళ్లు. సంకల్పబలానికి లోటు లేని మనుషులు. బరువులో పావువంతు పోయేసరికి వాళ్లకు తిండి తప్ప ఇంకో ధ్యాస లేకపోయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివారు, పళ్లేలు నాకారు. మళ్లీ అన్నం పెట్టాక ఎంత తిన్నా ఆకలి తీరలేదు, పోయినదానికన్నా ఎక్కువ బరువు పెరిగారు. వాళ్లను ఎవరైనా నోరు కట్టుకోలేనివాళ్లు అంటారా?

ఆ ఆకలికి కారణమైన ఒక రసాయనాన్ని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా కనిపెట్టారు. గ్రెలిన్ అంటారు. ముఖ్యంగా జీర్ణాశయం పైభాగంలో పుడుతుంది. 2002లో సియాటిల్ డాక్టర్లు లెక్కతీస్తే, పథ్యం చేసి సన్నబడినవాళ్లలో అది 24 శాతం పెరిగింది. అంటే ఎంత నోరు కట్టుకుంటే లోపల అంత గట్టిగా ఆకలి కేక పెడుతుందన్నమాట. బైపాసు చేయించుకున్నవాళ్లలో మాత్రం బాగా పడిపోయి ఉంది. నాకు కోసి తీసేసిన ముక్కలో ఉన్నదీ ఆ కేక పెట్టే భాగమే. ఈ సంగతి మా బంధువులావిడకు చెప్పాలని ఎంతగానో అనుకున్నాను. ఆవిడ ఆ సమయానికి నా చేత కొబ్బరి లౌజు తినిపించే ప్రయత్నంలో ఉంది.

అనుమానాలన్నీ ఓర్చుకోవలసినవే అనుకుంటే మాత్రం ప్రమాదం. అన్నట్టు ఇక్కడ మన ఊళ్ల కథ ఒకటి కలుస్తుంది. మన సర్కారు జిల్లాలు ఒకప్పుడు బెరిబెరి జబ్బుకు పేరుమోశాయి. 1835లో మద్రాసు సైన్యంలోని మాల్కంసన్ అనే డాక్టరు ఆ జబ్బు మీద పెద్ద గ్రంథమే రాశాడు. కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, గుండె వాచి చనిపోవడం. మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యం తినేచోట ఎక్కువ, ఉప్పుడుబియ్యం తినేచోట తక్కువ. కారణం తవుడులో పోయే విటమిన్ బి1 అని తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1930, 40లలో కూనూరు పరిశోధనశాలవాళ్లు మన కోస్తా బియ్యాన్ని పరీక్షించారు. ఆ సంస్థే 1958లో హైదరాబాదు వచ్చి ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో ఉంది.

బియ్యం సరే, ఆపరేషనుకీ దానికీ ఏమిటంటారా? పొట్ట కోయించుకున్నవాళ్లకు వారాల తరబడి వాంతులైతే ఆ బి1 అయిపోతుంది. ఒంట్లో దాని నిలవ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తరవాత ఒక వస్తువు రెండుగా కనపడడం, తూలడం, మతిమరుపు. ‘ఆపరేషనయ్యాక వాంతులు మామూలేలే’ అని ఇంట్లో కూర్చుంటే మెదడుకు తీరని నష్టం జరగొచ్చు. 1980ల నుంచీ డాక్టర్లు ఈ కేసుల గురించి రాస్తూనే ఉన్నారు. సకాలంలో బి1 ఇంజక్షను పడితే తప్పించుకోవచ్చు. నాకు రెండోవారంలో నాలుగు రోజులు వాంతులు ఆగకపోతే మా అబ్బాయి “సర్దుకుంటుందిలే అమ్మా” అనలేదు, ఆటో పిలిచాడు.

ఇంత కష్టానికి ఫలం ఉందా అన్న ప్రశ్నకు జవాబు రావడానికి చాలాకాలం పట్టింది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, ఆపరేషను అయినవాళ్లు రెండువేల చిల్లర, కానివాళ్లు రెండువేల చిల్లర, ఏళ్ల తరబడి వెంటపడి చూశారు. 2007లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆపరేషను అయినవాళ్లలో మరణాలు తక్కువ. బరువు ఒక ఏడాది తరవాత కొంత తిరిగి వస్తుందనీ, అయినా చాలా వరకు నిలుస్తుందనీ కూడా వాళ్లే చూపించారు. నా కాటా ముల్లు రెండు కిలోలు పైకి జరిగినప్పుడు ఆ లెక్క నన్ను కాచింది. అదే ఏడాది అమెరికాలో యూటా రాష్ట్రం లెక్కలూ వచ్చాయి. మొత్తం మరణాలు 40 శాతం తక్కువ, షుగరు మరణాలు ఇంకా ఎంతో తక్కువ. కానీ ప్రమాదాలు, ఆత్మహత్యలవంటి జబ్బుకాని మరణాలు 58 శాతం ఎక్కువ. అవి మొత్తం మీద కొద్దిమందే అయినా, ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందుకే ఈ రోజుల్లో మంచి ఆస్పత్రుల్లో సర్జనుతోపాటు పోషకాహారం చెప్పేవాళ్లు, మనసు సంగతి చూసేవాళ్లు కూడా ఉంటారు. ఆపరేషను అయిన కోడలో కూతురో “నాకేం బాగాలేదు” అంటే, “చక్కగా సన్నబడ్డావుగా, ఇంకేం కావాలి?” అనకుండా ఆ మాట మొత్తం వినాలి, అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

నన్ను కుదిపేసింది ఇంకో చిన్న అధ్యయనం. 1991లో ఫ్లారిడాలో కొలీన్ రాండ్, మాక్‌గ్రెగర్ ప్రచురించారు. ఆపరేషను అయి వంద పౌన్లకు పైగా తగ్గి, మూడేళ్లయినా నిలబెట్టుకున్న 47 మందిని అడిగారు, “మళ్లీ పాత లావు రావడం కావాలా, లేక ఫలానా వైకల్యం కావాలా?” అని. చెవుడైనా ఫరవాలేదన్నారు అందరూ. నూటికి తొంభైమంది దాకా గుడ్డితనం కోరుకున్నారు. కాలు తీసేసినా సరేనన్నవాళ్లు అంతకంటే ఒకరిద్దరు ఎక్కువే. కోటి రూపాయల ఆశ చూపినా ఆ పాత ఒంటికి పోనివాళ్ల మాట ఇది. ఆ ఒంట్లో వాళ్లు మోసింది బరువొక్కటే అయితే కళ్లు ఇచ్చుకుంటామని ఎందుకంటారు? బస్సులో పక్కసీటు మనిషి జరిగిన తీరు, చీరల కొట్లో అమ్మాయి “మీ సైజు జాకెట్టు రెడీమేడు దొరకదాంటీ” అన్న తీరు, పెళ్లిచూపుల్లో మాటలు ఆగిపోయిన తీరు, ఇవన్నీ ఆ నలభై ఏడు జవాబుల్లో ఉన్నాయని నా నమ్మకం. డెబ్భైలలో ఆ పేగు ఆపరేషనుతో చిక్కి శల్యమైనవాళ్లలో కొందరు, మళ్లీ లావవుతామని తిరగేయించుకోవడానికి ఎందుకు వెనకాడారో నాకు అప్పుడు అర్థమైంది.

మేసన్ ఊరుకోలేదని చెప్పాను కదా. 1986లో ఆయన అయోవాలో ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఎవరికి ఏ ఆపరేషను చేసినా, తరవాత వాళ్లెలా ఉన్నారో రాసి పంపమన్నాడు. తన పద్ధతుల లోపాలు తనే పట్టుకుని మార్చుకుంటూ వచ్చిన ఆ పెద్దాయన 2020 డిసెంబరులో నూరేళ్ల వయసులో పోయాడు. నా దగ్గరా ఇప్పుడొక నోటుపుస్తకం ఉంది. ఎడం పేజీలో బరువు, కుడి పేజీలో ఎలా ఉన్నానో. ఆర్నెల్లకోసారి బి12, ఇనుము పరీక్షలకు వెళ్లినప్పుడు మా డాక్టరమ్మ ముందు కుడి పేజీ చదువుతుంది.